బల్బు బొమ్మ

మొబైల్ ఫోన్ల షాపు. మిట్టమధ్యాహ్నం. గాజు కౌంటరు వెనక షాపాయన. ఎదురుగా స్టూళ్ళ మీద ఇద్దరు: కరెంటు సబ్‌స్టేషను ఆపరేటరు, అతని స్నేహితుడి భార్య.

"టచ్ వద్దన్నానా లేదా?"

"అన్నారు సార్. వినకపోలేదు. చూస్తే డబ్బులు పోవు కదా అని చూపిస్తున్నాను."

"చూడను. బటన్లది తియ్యి."

"తీస్తాను. బటన్లది ఎక్కడికి పోతుంది, అడుగున పడుంటుంది. ఒక్క మాట వినండి సార్. ఫోనంటే పెళ్ళి సంబంధం లాంటిది. మన తాహతెంత, మన అవసరమేంటి, రెండూ చూసుకోవాలి. ఒకటే చూసుకుని చేసుకున్నామా, జీవితాంతం తిట్టుకోవాలి."

"జీవితాంతం ఎక్కడిదయ్యా? నీ దగ్గర కొన్నవి రెండేళ్ళు బతికితే గొప్ప."

"సంబంధాలూ అంతే ఉన్నాయి సార్ ఈమధ్య. సరే, ఇవిగో మూడు అరలు. కింది అర ఆరేడు వేల లోపు. ఇందులో కెమెరా చూడకూడదు. వెనక నాలుగు కళ్ళుంటాయి, మూడు గుడ్డివి. ఆ ధరలో చూడాల్సింది బ్యాటరీ ఒక్కటే. నడిమి అర పది, పదిహేను..."

"మాకు నడిమి అర వద్దు."

"ఊరికే వినండి. పదిహేను పెట్టి ఈ ఏడాది వచ్చిన చిన్న ఫోను కొనేకంటే, పోయినేడాది పెద్ద ఫోను ఇప్పుడు అదే ధరకి దిగుతుంది. అది తీసుకోవాలి. చితికిపోయినా జమీందారు జమీందారే. ఇక పై అర..."

"పై అర మా ఇంజనీరు గారికి చూపించు."

"ఆయన తీసుకున్నారు సార్. ఆఫీసు బిల్లు మీద."

"చూశావా? మరి అదే ఆఫీసు లైన్మెన్‌కి ఏమిచ్చిందో తెలుసా? సిమ్ము. ఉత్త సిమ్ము. ఫోను నువ్వే తెచ్చుకో, మేం పిలిస్తే మాత్రం పలుకు."

"అందుకా మీరు కొనిపెడుతున్నారు?"

"అందుకే. బటన్లది తియ్యి."

"అన్నయ్యా, అసలు కొనడం ఎందుకు? ఆయన ఫోనుంది కదా. మీరు తెమ్మన్నారని సంచిలో పెట్టుకొచ్చాను. కొత్తదే. మా మరిదికి అదే ఇచ్చేస్తాను."

"అది వద్దు చెల్లెమ్మా."

"ఎందుకు వద్దు?"

"వద్దంటున్నాను కదా."

"దండగ కదన్నయ్యా. మీకేం చెట్లకి కాస్తున్నాయా?"

"కాస్తే కాశాయిలే. చిన్నోడు రేపోమాపో వాళ్ళన్న ఉద్యోగంలో చేరతాడు. స్తంభం ఎక్కుతాడు. వాడి జేబులో బటన్ల ఫోనే ఉండాలి. వేలు పెట్టి గట్టిగా నొక్కితేనే నొక్కుకునేది. ఇంకేం అడగకు."

"అమ్మా, మీ ఫోను ఒకసారి ఇలా ఇవ్వండి. బాగుంటే మార్పిడిలో పట్టుకుంటాను. సారుకి భారం తగ్గుతుంది."

"ఇవ్వకు చెల్లెమ్మా."

"తెమ్మన్నదీ మీరే, ఇవ్వొద్దనేదీ మీరే."

"ఇద్దాం. మార్పిడికి కాదు. తర్వాత చెప్తాను."

"అదిగో. పోయింది. పోయిందండీ కరెంటు. మీవాళ్ళే సార్. ఒక్క ఫోను కొట్టి అడగండి, ఎప్పుడొస్తుందో."

"అడగను."

"మీ సబ్‌స్టేషనే కదా?"

"నాదైనా సరే. డ్యూటీలో ఉన్నవాడికి ఫోను చెయ్యకూడదు. ఎవడూ సరదాకి ఆపడు. లైను మీద మనిషుంటాడు. నీకు ఉక్కపోస్తోందని నువ్వు, సీరియల్ పోతోందని ఇంకొకావిడ, పిండి మర ఆగిందని ఇంకోడు... ఒక్కో రోజు చెవిలోంచి పొగలొస్తాయి."

"అయ్యో, మా ఇంట్లో కూడా ఎన్నిసార్లు చెప్పారు బాబూ అన్నయ్య. ఇంటికొచ్చినప్పుడల్లా అదే పాట. ఏం కొంపలు మునిగినా డ్యూటీ నంబరుకి చెయ్యొద్దని."

"సరే సార్, సరే. ఊరంతా అడుగుతుంటే నేనడిగితేనే పాపమొచ్చిందా అని. తలుపు తీస్తాను, కాస్త గాలాడుతుంది. అమ్మా, నీళ్ళు తాగుతారా?"

"వద్దు బాబూ. ఇదిగో ఫోను, చూడు. అన్నయ్య అలాగే అంటాడు. ఇది పనికొస్తుందో లేదో నువ్వు చెప్పు."

"చెల్లెమ్మా!"

"చూడనివ్వండన్నయ్యా."

"ఇది నా దగ్గర కొన్నదేనమ్మా! వెనక మా షాపు స్టిక్కరుంది. ఎవరు కొన్నారు?"

"ఆయనే. నేనూ వచ్చాను. మీరు కూల్‌డ్రింకు ఇప్పించారు."

"ఆయనంటే... పిట్ట గారా? లైన్మెన్ పిట్ట? అమ్మా, మీరా! గుర్తుపట్టలేదమ్మా. ఆ రోజు మీరు ఒకటే నవ్వు. అయ్యో. విన్నానమ్మా. ఎవడో సినిమా హాలువాడు జనరేటరు వేస్తే, ఆ కరెంటు వెనక్కి లైన్లోకి ఎక్కిందట కదా?"

"అలాగే చెప్పారు బాబూ. ఆఫీసు నుంచి పెద్దాయనొచ్చి చెప్పాడు."

"వాణ్ణి పట్టుకున్నారా సార్, ఆ జనరేటరు వాణ్ణి?"

"నువ్వు బటన్లది తియ్యవయ్యా ముందు."

"తీస్తున్నాను. ఆయన్ని పిట్ట అని ఎందుకనేవాళ్ళు సార్?"

"తీగ మీద వాలితే పిట్టకేం కాదు కదా. వీడికీ ఏం కాదని. ఎవడో పెట్టాడు. ... నేనే పెట్టాను."

"మంచి మనిషి. నేనే సెట్ చేసిచ్చాను ఈ ఫోను. మా షాపులో కొన్న ప్రతివాణ్ణీ అడుగుతాను సార్, ఎక్కువ ఎవరికి చేస్తారు అని. కొందరు పెళ్ళానికి అంటారు. కొందరు ఇంకేదో పేరు చెప్పి పక్కకి చూస్తారు. ఈయన సబ్‌స్టేషనుకి అన్నాడు. అందుకని ముందు తెర మీదే పెద్ద బొమ్మ పెట్టిచ్చాను. ముట్టుకుంటే చాలు, అక్కడ మోగుతుంది. పేరు వెతకక్కర్లేదు, నంబరు కొట్టక్కర్లేదు."

"ఏం బొమ్మ?"

"బల్బు సార్. అమ్మగారే చెప్పారు. గుర్తుందామ్మా? బల్బు పెడితే ఇంట్లో చదువు రానివాళ్ళకి కూడా తెలుస్తుందని."

"గుర్తుంది."

"మరి లాకు?"

"లాకు తీసేయించుకున్నాడు సార్. గీతలు గీసే లాకు పెడితే, చేతికి తొడుగులుంటాయి, అవి ఊడదీసి గీత గీసేసరికి నా ఆయుష్షు అయిపోతుంది, అది పెట్టకు అని నవ్వాడు."

"లాకు లేదు. విన్నావా చెల్లెమ్మా, లాకు లేదు."

"అయితే ఏమైందన్నయ్యా?"

"ఏమయ్యా, సరిగ్గా విని చెప్పు. లాకు లేదు. ముందు తెర మీదే బొమ్మ. ముట్టుకుంటే మోగుతుంది. అయితే జేబులో ఉండగా తనంతట తనే మోగొచ్చు. అవునా?"

"మోగడమంటే..."

"అవునా కాదా?"

"ఏంటి సార్ సంగతి?"

"ఫోను ఆన్ చెయ్యి. చివరి కాల్ ఎవరికి వెళ్ళిందో చూడు."

"చచ్చిపోయుంది సార్, చార్జింగ్ లేదు. ఈ మోడలుకి అదే రోగం. తెర పెద్దది, బ్యాటరీ చిన్నది. ఆ ధరలో ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. నేను ఆ రోజే చెప్పాను."

"అవును, చెప్పాడన్నయ్యా. ఆయనా పాతదే చాలన్నాడు. బటన్లది. ఒకసారి పెడితే నాలుగు రోజులొచ్చేది. నేనే, అందరి చేతుల్లోనూ పెద్దవి ఉన్నాయి, మనకేం ఖర్మ అన్నాను. ఇదేమో పొద్దెక్కేసరికే ఎర్ర గీత. ఎక్కడికెళ్ళినా చార్జింగ్ వైరు మెడలో వేసుకుని తిరిగేవాడు."

"పవర్ బ్యాంకు ఉంది, తగిలిస్తాను. కాస్త ఆగితే లేస్తుంది."

"లేవనీ. ఈలోపు... చెల్లెమ్మా."

"ఏంటన్నయ్యా?"

"జనరేటరు కాదు."

"ఏంటి?"

"జనరేటరు ఎవడూ వెయ్యలేదు. సినిమా హాలు మూసేసి ఏడాదైంది. కరెంటు నేను వేశాను."

"సార్, నేను కాసేపు బయట నుంచుంటాను."

"ఉండు. నువ్వు కదలకు. నీ కోసమే వచ్చాం."

"అన్నయ్యా, మీరేమంటున్నారో..."

"నేనే వేశాను చెల్లెమ్మా. వాడు పైనుండగా స్విచ్చి వేసింది నేనే. తిట్టు. ఆ నీళ్ళ సీసా తీసి నా నెత్తిన కొట్టు."

"అమ్మా, కూర్చోండి. లేవకండమ్మా. సార్, కాస్త నిదానంగా..."

"నిదానంగా ఏం చెప్పనయ్యా? వాడు పోయిన రోజు నుంచీ నిదానంగానే ఉన్నాను. విను, నువ్వూ విను. లైన్మెన్ ఎక్కే ముందు నాకు ఫోను చేస్తాడు. ఫలానా లైను ఆపు అంటాడు. ఆపుతాను, ఆపానని చెప్తాను. అప్పుడు ఎక్కుతాడు. దిగాక మళ్ళీ ఫోను చేసి, దిగాను, లైను మీద మనిషి లేడు, వెయ్యి అని నోటితో చెప్పాలి. అది రూలు."

"మరి?"

"మరి ఆ రూలు రాసినవాడు రోజంతా సొంత ఫోన్లో మాట్లాడలేదు కదా. అప్పట్లో ప్రతి మాటకీ డబ్బు పోయేది. ఆఫీసు ఇచ్చేది కాదు. మాలో మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. దిగాక మిస్డ్ కాల్. ఒక్కసారి మోగి ఆగిపోతే, దిగాను, కరెంటు వెయ్యి అని. ఆగకుండా మోగితే, ఎత్తు, మాట్లాడాలి అని. ఏళ్ళ తరబడి అంతే. ఒక్కనాడు తేడా రాలేదు. ఇప్పుడు మాటలు ఊరికే వస్తున్నాయి, అయినా అలవాటు పోలేదు."

"ఒక్కసారి మోగితే..."

"అవును చెల్లెమ్మా."

"ఒక్కసారి మోగి ఆగిపోతే."

"వెయ్యి అని."

"నాకెప్పుడూ చెప్పలేదు ఆయన."

"ఎవడూ ఇంట్లో చెప్పడు. పైవాళ్ళకి తెలిస్తే అందరి ఉద్యోగాలూ ఊడతాయి. ఆ రోజు మీ వీధి చివరి స్తంభం. లైనడిగాడు, ఆపాను. వాడికి నా గొంతు వినిపించింది, సరేనన్నా అన్నాడు. అదే ఆఖరి మాట. ఇంకో ఊరి లైను పని చూసుకుంటున్నాను. మిస్డ్ కాల్ వచ్చింది. వాడి నంబరే. ఒక్కసారి మోగింది, ఆగింది. వేశాను."

"పిట్ట గారు పైనే ఉన్నారు."

"పైనే ఉన్నాడు. తీగకి, కరెంటుని నేలలోకి లాగేసే ఎర్తు కడ్డీ తగిలించుకుని ఎక్కితే నేను వేసినా బతికేవాడు. సెక్షను మొత్తానికి ఒకటే కడ్డీ. అది ఆ రోజు ఇంకోడు పట్టుకెళ్ళాడు."

"మరి జనరేటరు సంగతి..."

"మా పెద్దాయన ఐడియా. అలా అంటే అందరం క్షేమం అన్నాడు. సరేనన్నాను. చెల్లెమ్మ ఎదురుగా నిలబడి తలూపాను. ఇప్పుడెవరో పైకి అర్జీ పెట్టారు, ఆ చుట్టుపక్కల జనరేటరే లేదని. రేపు ఎంక్వయిరీ. రేపు నేను నిజం చెప్పాలి. చెప్తే ఏమవుతుందో తెలుసా? కిందికి దిగకుండానే వాడే మిస్డ్ కాల్ ఇచ్చాడంటే, వాడి తప్పు వాడిది. పరిహారం రాదు. చిన్నోడికి ఉద్యోగం రాదు. తాగి ఎక్కాడేమో అని కూడా రాసుకుంటారు."

"ఆయన తాగడన్నయ్యా."

"నాకు తెలీదా? కాల్ రాకుండానే నేను వేశానంటే నన్ను లోపలేస్తారు. దానికి కూడా సిద్ధమే అనుకున్నాను. కానీ కాల్ వచ్చింది చెల్లెమ్మా, నీమీదొట్టు, కాల్ వచ్చింది. మిగిలింది ఒకటే దారి. ఫోను జేబులో తనంతట తనే నొక్కుకుంది. వాడి తప్పు లేదు, నా తప్పు లేదు. టచ్ ఫోను తప్పు. ఏమయ్యా, నువ్వు అమ్మావు, నువ్వు సెట్ చేశావు. రేపొచ్చి ఇది జేబులో మోగే రకం అని ఒక్క మాట చెప్పు. చాలు."

"నేనా సార్? నన్ను లాగుతారా ఇందులోకి? షాపు పెట్టుకుని బతికేవాణ్ణి..."

"నిన్నెవరూ ఏమీ అనరు."

"లాకు తీసింది నేను. బొమ్మ పెట్టింది నేను. అనక ఏంచేస్తారు?"

"కాళ్ళు పట్టుకోమంటావా?"

"అయ్యో, వద్దు సార్. ఆగండి. లేచింది ఫోను. చివరి కాల్... బల్బు. జవాబు లేదు అని చూపిస్తోంది."

"అదే. అదే ఆ కాల్. ఇలా ఇవ్వు. నా జేబులో పెట్టుకుని ఆ స్టూలెక్కుతాను. స్తంభం ఎక్కినట్టే వంగుతాను, లేస్తాను. మోగుతుందో లేదో నీ కళ్ళతో నువ్వే చూడు."

"మోగితే అక్కడ సబ్‌స్టేషన్లో మోగుతుంది కదా సార్?"

"మోగనీ, మోగితే... ఆగు! పడెయ్! అక్కడ పెట్టెయ్! ముట్టుకోకు!"

"ఏమైంది? ఏమైంది సార్?"

"కరెంటు పోయుంది. లైను మీద ఎవడో ఉన్నాడు. ఇది ఒక్కసారి మోగిందంటే, అక్కడ కూర్చున్నవాడు పేరు చూడడు, చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోతుంది. సిమ్ము తియ్యి. ముందు సిమ్ము తీసెయ్."

"తీస్తున్నాను. పిన్ను... తీశాను. ఇదిగో, బయటికొచ్చింది."

"నా చేతిలో పెట్టు సిమ్ము. ఆ. ఇప్పుడు?"

"ఇప్పుడు బొమ్మ ముట్టుకుంటే కాల్ వెళ్ళదు. సిమ్ లేదని తెర మీద పడుతుంది. అది పడితే వెళ్ళినట్టే లెక్క."

"ఇవ్వు. జేబులో పెట్టాను. స్టూలు పట్టుకో."

"అన్నయ్యా, పడతారు. దిగండి."

"పడనీ. వంగాను. మోకాలు ఇలా పెడతాడు వాడు. ఇలా ఒరుసుకుంటాడు స్తంభానికి. చూడు."

"తీయండి చూద్దాం... ఏం లేదు సార్."

"మళ్ళీ. ఈసారి తిరగేసి పెట్టు. తెర తొడ వైపు."

"ఏం లేదు."

"చెమట పడుతుంది కదా. గుడ్డ తడుపు. ఆ నీళ్ళు పొయ్యి."

"సార్, మీ ప్యాంటు..."

"పొయ్యమంటుంటే!"

"పోశాను. ఎక్కండి. వంగండి. ... తీయండి. ఏం లేదు సార్. వెళ్ళదు."

"ఎందుకు వెళ్ళదు?"

"జేబులో పెట్టగానే తెర ఆరిపోతుంది సార్. ఆరిపోయాక బొమ్మే లేదు, ఏది తగిలి మోగుతుంది? ఈ మోడలుకి పక్క బటను గట్టిగా నొక్కాలి, తెర వెలగాలి, అప్పుడు సరిగ్గా బొమ్మ మీద వేలు పెట్టాలి. మనిషి వేలు. మళ్ళీ ఒక్కసారి మోగగానే ఎర్ర గుండ్రం నొక్కి ఆపాలి. అన్నీ జేబు చేసుకోలేదు సార్."

"అయితే వాడే నొక్కాడంటావా? పైన తీగ పట్టుకుని, కరెంటెయ్యమని నాకు తనే చెప్పాడంటావా?"

"నేనేం అనట్లేదు సార్."

"నువ్వు అబద్ధం చెప్పు. జేబులో మోగుతుందని చెప్పు."

"చెప్తాను సార్. ఆయన మొహం చూసి చెప్తాను. కానీ వాళ్ళు ఫోను తెమ్మంటారు. తెస్తే నా మాట చెల్లదు. ఇది జేబులో ఉన్న ఫోను కాదు."

"ఏంటి?"

"చూడండి. అంత కరెంటు ఒంట్లోంచి పోయింది. అంత పైనుంచి పడ్డాడు. జేబులో ఫోను ఉంటే ఇలా ఉంటుందా? ఒక్క గీత లేదు. నేను తెర మీద అంటించిన గాజు కూడా బుడగల్లేకుండా అలాగే ఉంది. ఆ రోజు బట్టలు కాలాయా సార్?"

"కాలాయి."

"ప్యాంటు జేబు కాడికి కాలింది బాబూ. నాకు చూపించలేదు. నేను చూశాను."

"చెల్లెమ్మా, ఈ ఫోను నీకెవరిచ్చారు? ఆసుపత్రిలో ఇచ్చారా? మా వాళ్ళెవరైనా తెచ్చిచ్చారా?"

"ఎవరూ ఇవ్వలేదన్నయ్యా."

"మరెక్కడిది?"

"వచ్చింది! వచ్చింది సార్ కరెంటు. ఫ్యాను తిరిగింది. హమ్మయ్య."

"ఆ మాట అనకు బాబూ."

"ఏ మాటమ్మా?"

"అనకు."

"చెల్లెమ్మా, ఇటు చూడు. ఫోను ఎక్కడిది?"

"ఇంట్లోదే. ఇంట్లోనే ఉంది. ఆయన లైనాపమని మీతో మాట్లాడేసరికి ఎర్ర గీత పడింది. కరెంటు లేకపోయినా వైరు తగిలించి గూట్లో పెట్టాడు. వచ్చాక ఎక్కుతుందిలే అన్నాడు. వీధి చివరేగా, దిగొచ్చి ఇక్కణ్ణుంచే చేస్తాను అన్నాడు. ఏం చేస్తాడో నాకు తెలీదు కదన్నయ్యా."

"అయితే ఆ కాల్..."

"ఉక్కకి మా పాప ఒకటే ఏడుపు. ఒళ్ళంతా చెమటకాయలు. విసిరి విసిరి చెయ్యి పడిపోయింది."

"చెల్లెమ్మా, వద్దు. ఇంక చెప్పకు."

"ఇంకెంతసేపో మీతో చెప్పుంటాడు కదా, అడుగుదామనుకున్నాను. బల్బు బొమ్మ ఎదురుగానే ఉంది."

"వద్దమ్మా..."

"ఒక్కసారి మోగింది. డ్యూటీ నంబరుకి చెయ్యొద్దని మీరు చెప్పింది గుర్తొచ్చింది. గబుక్కున ఆపేశాను. కాసేపటికే ఫ్యాను తిరిగింది. ఇందాక ఈ బాబు అన్న మాటే, అప్పుడు నేనూ అన్నాను."